హోప్‌టన్ హౌస్ మీద రాసిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

స్కాట్లండ్‌లోని హోప్‌టన్ హౌస్ అనే మేడ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాస్తుశిల్పి విలియం బ్రూస్ కట్టిన ఎనిమిది పలకల మెట్లగదిలో చెక్కపని గురించి రాసిన పేరా బాగుంది. కానీ చివర్లో "ఈ గోడల వెనక ఎన్ని కథలు దాగున్నాయో!" అని వదిలేశావు చూడు, అక్కడ నాకు కోపం వచ్చింది. ఏవీ దాగిలేవమ్మా. నువ్వు వెతకలేదు.

మేడ గురించి రాసేవాళ్లు ముందు తేల్చాల్సింది డబ్బెక్కడిదని. 1699లో బ్రూస్ పని మొదలైంది. పాతికేళ్లయినా తిరక్కుండానే ఆ ఇల్లు చాల్లేదు. 1721 నుంచి విలియం ఆడమ్ అనే మరో వాస్తుశిల్పి ముందువైపంతా మార్చేసి, అటూ ఇటూ వంపు తిరిగిన స్తంభాల వరుసలు, వాటి చివర పెవిలియన్లనే పక్క భవనాలు చేర్చాడు. అందుకే తోటవైపు నుంచి చూస్తే బ్రూస్ ఇల్లు, వాకిలివైపు నుంచి చూస్తే ఆడమ్ ఇల్లు. 1748లో ఆడమ్ పోయాక లోపలి గదుల పని కొడుకులు జాన్, రాబర్ట్ చేతిలోకి వచ్చింది. ఇన్ని దశాబ్దాలు కూలి డబ్బులు ఎక్కడి నుంచి వచ్చాయి? "సంపన్న కుటుంబం" అని ఒక్క మాటతో దాటేశావు.

ఆ మేడ యజమానులైన హోప్ కుటుంబానికి స్కాట్లండ్‌లోనే లెడ్‌హిల్స్ అనే ఊళ్లో సీసం గనులుండేవి. అక్కడి గని కార్మికులు 1741లో చందాలు వేసుకుని లైబ్రరీ పెట్టుకున్నారు. ఆ లైబ్రరీ ఇప్పటికీ ఉంది. భూమిలోకి దిగి సీసం తవ్వే మనుషులు, పైకొచ్చి పుస్తకాలు చదివారు! నీ వ్యాసంలో వాళ్లకి ఒక్క వాక్యం లేదు. 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఆ మేడకి వచ్చి, చిత్రకారుడు రేబర్న్‌కి నైట్ బిరుదిచ్చిన ముచ్చటకి మాత్రం పేజీ నిండా చోటిచ్చావు.

ఇంకొకటి. 1936 నుంచి 1943 దాకా మనకి వైస్రాయిగా ఉన్న లిన్‌లిత్‌గో పుట్టింది ఆ ఇంట్లోనే. 1939లో మన నాయకుల్ని మాటమాత్రం అడక్కుండా దేశాన్ని యుద్ధంలోకి దింపాడు. బెంగాల్ కరువు అతని హయాంలోనే ముదిరింది. తెలుగువాళ్ల కోసం రాస్తూ ఆ పేరెలా వదిలావు?

పత్రికలవాళ్లకి షాండ్లియర్లు కావాలని నాకు తెలుసు. నా తొలిరోజుల్లో ఒక జమీందారు మేడ మీద రాస్తే, రైతుల శిస్తు గురించిన భాగమంతా ఒక ఎడిటర్ కొట్టేసి దర్బారు హాలు వర్ణన ఒక్కటే అచ్చేశాడు. పారితోషికమూ ఎగ్గొట్టాడు. కొట్టేసిన ఆ పేరాలు పట్టుకుని ఆఫీసు ఆఫీసుకీ తిరిగాను. చివరికి ఒక చిన్న పత్రిక వేసింది. ఉత్తరాలన్నీ వాటికే వచ్చాయి. ఇప్పటివాళ్లు ఫొటోలు పెంచు, మాటలు తగ్గించు అంటున్నారట. వినకు.

పుస్తకం వేసుకోవడం గురించి అడిగావు, అది తర్వాత. ముందు లెడ్‌హిల్స్ నుంచి మొదలుపెట్టి మొత్తం తిరగరాయి. ఏ పత్రికకీ పంపకుండా నాకు పంపు.