గ్రౌండ్ నుంచి వచ్చాక చదువు ఎందుకు తలకెక్కట్లేదంటే

బిడ్డా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. "పెద్దమ్మా, పోలీసు ఉద్యోగం కోసం రోజూ నాలుగున్నరకు లేచి స్టేడియానికి పోతున్నా, పది రౌండ్లు దమ్ముపోయేదాకా కొడుతున్నా, ఏడింటికి రూముకొచ్చి అర్థమెటిక్ పుస్తకం తెరిస్తే ఒక్క లెక్క కూడా ముందుకు పోవట్లేదు, నాకే బుర్ర తక్కువేమో" అన్నావు చూడు, ఆ చివరి మాటే నాకు కష్టమనిపించింది. నీ బుర్రకేం తక్కువ లేదు. నువ్వు పరుగెత్తే పద్ధతికీ, పుస్తకం పట్టుకునే వేళకూ పొత్తు కుదరట్లేదు, అంతే. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో పీఈటీగా, అంటే వ్యాయామ టీచరుగా, పిల్లల్ని పరుగెత్తించినదాన్ని, రిటైరయ్యాక ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, ఇదైతే దాచుకుని మళ్లీ చదువుకోవచ్చు.

పరుగు మెదడుకు మంచిదని అందరూ అంటారు, నిజమే. కానీ ఎంత గట్టిగా పరుగెత్తితే మంచిది, పరుగెత్తిన ఎంతసేపటికి మంచిది, ఎలాంటి చదువుకు మంచిది అని ఎవరూ చెప్పరు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

మన మెదడు ఒంటి బరువులో 2 శాతమే ఉంటుంది, ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో మాత్రం 20 శాతం దాకా అదే తీసుకుంటుంది. వేగంగా నడిచినా మెల్లగా పరుగెత్తినా మెదడుకు రక్తం పోయేది పెరుగుతుంది. మన సత్తాలో సుమారు 60 శాతం దాకా అలా పెరుగుతూ పోతుంది. అది దాటి ఇంకా గట్టిగా పరుగెత్తితే రొప్పు మొదలవుతుంది కదా, ఆ రొప్పులో రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది, దాంతో మెదడులోని రక్తనాళాలు కొంచెం బిగుసుకుంటాయి, పెరిగిన రక్తప్రవాహం మళ్లీ తగ్గుతుంది. నువ్వు కాళ్లకు ఎంత ఎక్కువ పని పెడుతున్నావో మెదడుకు అంత ఎక్కువ రక్తం పోతోందని అనుకుంటున్నావు, ఒక హద్దు దాకా అంతే, ఆ తర్వాత కాదు.

ఇంకో మాట కూడా ఉంది. నుదుటి వెనకాల ఉండే మెదడు భాగాన్ని ప్రిఫ్రంటల్ కార్టెక్స్ అంటారు. లెక్క చేసేటప్పుడు రెండు అంకెల్ని మనసులో పట్టుకుని మూడోది వెతకడం, తప్పు ఆప్షన్ మీదికి పోబోయిన చేతిని ఆపడం, ఇవన్నీ చాలావరకు దాని పనులే. ఒళ్లు పూర్తి బలంతో పరుగెత్తేటప్పుడు కాళ్లనూ ఊపిరినీ నడిపే భాగాలకే మెదడు శక్తి పోవాలి కాబట్టి ఈ నుదుటి భాగం కాసేపు వెనక్కి తగ్గుతుందని ఆర్నె డీట్రిచ్ అనే శాస్త్రవేత్త 2003లో ఒక వాదన పెట్టాడు. దాన్ని అందరూ ఒప్పుకోలేదు, వాదోపవాదాలు ఉన్నాయి. నాకైతే గ్రౌండ్‌లో చూసినదాన్ని బట్టి అది చాలావరకు నిజమే అనిపిస్తుంది.

ఏం చూశానో చెప్తా. మా బడిలో పిల్లలతో ఒక ఆట ఆడించేదాన్ని. నూరు నుంచి ఏడేడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టాలి, 93, 86, 79, 72 అలా. మెల్లగా రెండు రౌండ్లు పరుగెత్తి వచ్చినప్పుడు చాలామంది గడగడా చెప్పేవాళ్లు. ఒకరోజు పోటీ పెట్టి గట్టిగా పరుగెత్తించి, గీత దాటగానే అడిగా. ఎనిమిదో తరగతి పిల్ల, క్లాసులో లెక్కల్లో ఫస్టు, మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగి నిలబడింది, ముక్కు కొన నుంచి చెమట మట్టిలోకి కారుతోంది, 93 అంది, 86 అంది, పెదాలు కదుపుతూ చాలాసేపు నేల వైపు చూసి 77 అంది. తప్పని తనకే తెలిసి కళ్లల్లో నీళ్లు పెట్టుకుంది. నీళ్లు తాగించి వేపచెట్టు కింద కూర్చోబెట్టా. పది నిమిషాలయ్యాక నేను అడగకుండానే లేచి వచ్చి 2 దాకా ఆగకుండా చెప్పి పోయింది. అదే పిల్ల, అదే బుర్ర. ఆ రోజు నుంచి గట్టి పరుగు పెట్టిన పీరియడ్ తర్వాత లెక్కల పరీక్ష పెట్టొద్దని సార్లతో కొట్లాడేదాన్ని.

నా సొంత అనుభవం కూడా ఒకటుంది. వ్యాయామ విద్య ఎంట్రన్స్ రాసే రోజు, అప్పుడు నాకు నీ అంత వయసే, మాకు తర్ఫీదు ఇచ్చే ఆయన ఒంట్లో చురుకు రావాలని పొద్దున్నే పద్మాక్షి గుట్ట నాలుగుసార్లు ఎక్కించి దింపించాడు. అక్కడి నుంచి నేరుగా పోయి పరీక్ష హాల్లో కూర్చున్నా. కాళ్లు వణుకుతున్నాయి, ప్రశ్న చదివితే అర్థమవుతోంది, జవాబు దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న మర్చిపోతున్నా. ఆ ఏడు సీటు రాలేదు. ఏడాది పోయింది నాకు. నీకు అలా కాకూడదనే ఇంత పొడుగు రాస్తున్నా.

ఇప్పుడు అడుగుతావు, గట్టిగా పరుగెత్తినప్పుడు నాకు చురుగ్గానే అనిపిస్తుంది కదా పెద్దమ్మా అని. అనిపిస్తుంది, అదీ నిజమే. 2007లో జపాన్ పరిశోధకులు తేలికగా, మధ్యస్థంగా, గట్టిగా వ్యాయామం చేయించి, తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడులోని విద్యుత్ అలల్ని చూశారు. వరసగా గుర్తులు చూపించి మధ్యలో ఉన్నది ఎటు చూస్తోందో చెప్పాలి, పక్కవి తప్పుదారి పట్టిస్తుంటాయి, అలాంటి పరీక్ష. మనం ఒకదాన్ని గమనించిన సుమారు 300 మిల్లీసెకన్లకు మెదడులో పీ3 అనే అల లేస్తుంది, మనసు ఆ పని మీద ఎంత పెట్టామో అది చెబుతుందని అంటారు. తేలిక, మధ్యస్థ వ్యాయామం తర్వాత ఆ అల పెద్దదైంది, గట్టి వ్యాయామం తర్వాత కాలేదు. జవాబిచ్చే వేగం మాత్రం మూడింటి తర్వాతా పెరిగింది. అంటే చెయ్యి చురుగ్గానే ఉంటుంది, ధ్యాస అంతే పెరిగిందని అనుకోవడానికి లేదు. నువ్వు చెప్పిన "గబగబా చేస్తున్నా, తప్పులు పోతున్నాయి" అన్నమాట వినగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

మరి నీ పరుగు ఏ లెక్కలోకి వస్తుందో ఎలా తెలుసుకోవాలి? వాచీ కొనక్కర్లేదు. పరుగెత్తుతూ పాట పాడగలిగితే అది తేలిక. పక్కనున్న పిల్లతో మాట్లాడగలుగుతావు కానీ పాడలేవు, అది మధ్యస్థం. నాలుగు మాటలకే ఊపిరి కోసం ఆగావంటే అది గట్టిది. ఇంకొంచెం కచ్చితంగా కావాలంటే నాడి పట్టుకో. 220లోంచి వయసు తీసేస్తే గుండె కొట్టుకునే గరిష్ఠ వేగం సుమారుగా వస్తుంది, నీకు 23 కాబట్టి 197. అందులో 64 నుంచి 76 శాతం మధ్యస్థం, అంటే నిమిషానికి 126 నుంచి 150. ఆగిన వెంటనే బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టు, 32 నుంచి 37 వస్తే మధ్యలో ఉన్నావు, 38 దాటితే గట్టి పరుగులో పడ్డావు. వెంటనే లెక్కపెట్టాలి, ఒక నిమిషం నిలబడి పెడితే నాడి దిగిపోతుంది. ఎండాకాలం ఇంకో తిరకాసు ఉంది, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. మన హనుమకొండలో ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు దాటిన తర్వాత పరుగెత్తితే నువ్వు మధ్యస్థం అనుకున్నది గట్టిదైపోతుంది. అందుకని వేగాన్ని నమ్మకు, ఊపిరిని నమ్ము.

అసలు నీకు కావాల్సింది ఎంతో ఒకసారి చూడు. 2022 తెలంగాణ పోలీసు నోటిఫికేషన్‌లో ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో అన్నారు. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద ఒక్కో రౌండు 2 నిమిషాల 40 సెకన్లు, నూరు మీటర్లకు 40 సెకన్లు. నువ్వు నాలుగున్నర నిమిషాల్లోనే కొడుతున్నానన్నావు. క్వాలిఫై అయిపోయావు బిడ్డా! ఆ వేగం పోకుండా నిలుపుకోవడానికి వారానికి రెండు రోజులు గట్టిగా పరుగెత్తితే చాలు, ఆరు రోజులూ దమ్ముపోయేదాకా పరుగెత్తి మెదడును అలసగొట్టుకోవడం ఎందుకు? ఈసారి లెక్క మారితే అప్పుడు మార్చుకుందాం.

నేనైతే ఇలా చెయ్యమంటా. ఆ రెండు గట్టి రోజులూ సాయంత్రం పెట్టుకో, ఐదున్నరకు స్టేడియం ట్రాక్ మీదికి పో, ఏడు లోపల ముగించు, మరీ ఆలస్యమైతే నిద్ర పట్టదు. ఆ రాత్రి లెక్కలు పట్టుకోకు, పేపర్ చదువుకో. మిగతా నాలుగు రోజులు పొద్దున్నే భద్రకాళి బండ్ మీదికి, ఆ చెరువు గట్టు మీదికి రా. పాతిక, ముప్పై నిమిషాలు, మాట్లాడగలిగేంత పరుగు లేదా చేతులు ఊపుతూ గట్టి నడక. అయిపోగానే పుస్తకం తెరవొద్దు. నీళ్లు తాగు, ముఖం కడుక్కో, చెమట ఆరనివ్వు, ఒక పావుగంట, ఇరవై నిమిషాలు. 79 అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక పరిశీలన 2012లో వచ్చింది, అందులో వ్యాయామం ఆపిన 11 నుంచి 20 నిమిషాల మధ్య పరీక్ష పెట్టినప్పుడే లాభం ఎక్కువ కనిపించింది. ఆ తర్వాతి గంట నీకు బంగారం లాంటిది. రీజనింగో, అర్థమెటిక్కో, నీకు ఏది అన్నిటికంటే కష్టమో అది ఆ గంటలో పెట్టు. ఆ గంటను ఫోనుకు ఇచ్చావంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి, ఈ లాభం చిన్నదే. ఆ 79 అధ్యయనాల్లో తేలింది కూడా చిన్న మెరుగే. పరుగు నీకు లెక్కలు నేర్పదు, కూర్చున్న గంటను కొంచెం పదును పెడుతుంది. రోజూ ఆ కొంచెం కలుస్తూ పోతుందని నా నమ్మకం.

గట్టి పరుగు చెడ్డదని కూడా అనుకోకు. జర్మనీలో 2007లో ఆటల విద్య చదివే 27 మందితో ఒక ప్రయోగం చేశారు, మూడేసి నిమిషాలు రెండుసార్లు గట్టిగా పరుగెత్తి, తర్వాత కొత్త పదాలు నేర్చుకుంటే 20 శాతం వేగంగా వచ్చాయి. చూశావా, మొత్తం కలిపి ఆరు నిమిషాలే, మధ్యలో ఆగారు, పైగా పరుగు అలవాటున్న ఒళ్లు. పది రౌండ్లు దమ్ముపోయేదాకా కొట్టడం వేరు, ఇది వేరు. బట్టీ పట్టాల్సిన జీకే ఏదైనా ఉంటే నువ్వూ ఒకరోజు ఇలా చేసి చూడు, నీకు పడితే ఉంచుకో.

పరుగెత్తుతూ చెవుల్లో కరెంట్ అఫైర్స్ క్లాసులు వింటున్నానన్నావు. నడిచేటప్పుడు విను, పర్వాలేదు. గట్టిగా పరుగెత్తేటప్పుడు విన్నది నిలవదు, రోడ్డు మీదైతే బండి చప్పుడు కూడా వినపడదు, తీసెయ్యి.

ఇక నాకు టెన్షన్‌గా ఉన్న విషయం ఇది. మధ్యస్థంగా పరుగెత్తినా నీకు రొప్పు వస్తోందని, మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయని మీ అమ్మ చెప్పింది. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం కంటే ఎక్కువ మందికి రక్తం తక్కువే. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే నువ్వు మెల్లగా పరుగెత్తినా గుండె గట్టిగా కొట్టుకోవాల్సి వస్తుంది, తర్వాత చదివితే ధ్యాస నిలవదు. నీ సమస్యలో సగం ఇదే అయినా అయ్యుండొచ్చు. ఈ వారమే రక్తం పరీక్ష చేయించుకో, తక్కువుంటే డాక్టర్ చెప్పినట్టు మాత్రలు వాడు, అప్పటిదాకా గట్టి పరుగు ఆపు. ఖాళీ కడుపుతో పోవడం కూడా మానెయ్. పోయే ముందు ఒక అరటిపండు, వచ్చాక రాగిజావ, నానబెట్టిన పల్లీలు. రూములో వండుకోవడం కుదరదంటే నేనే డబ్బా పంపిస్తా, మొహమాటపడకు.

పరీక్ష రోజు సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తా. ఆ పొద్దున పరుగు వద్దు. సెంటర్‌కు పావుగంట నడక దూరంలో ఆటో దిగిపో, చేతులు ఊపుతూ నడుచుకుంటూ పో, అరగంట ముందే చేరుకో, నీళ్లు తాగి కూర్చో. ముందు రోజు కూడా గట్టి పరుగు వద్దు.

నేను ఈ వయసులో ఎందుకు నడుస్తున్నానంటావు కదా ఎప్పుడూ. అమెరికాలో 120 మంది పెద్దవాళ్లను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును ఏడాది పాటు వారానికి మూడు రోజులు, 40 నిమిషాలు నడిపించారు. జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే భాగం నడిచినవాళ్లలో 2 శాతం పెరిగింది, ఒళ్లు సాగదీసే కసరత్తులు మాత్రమే చేసినవాళ్లలో తగ్గింది. 2011లో వచ్చింది ఆ ఫలితం. వాళ్లు పరుగెత్తలేదు, నడిచారు. అది చదివిన రోజు నుంచి వర్షం పడినా మానలేదు నేను.

ఆదివారం పొద్దున ఐదున్నరకు భద్రకాళి గుడి వైపు బండ్ మొదట్లో ఉంటా. మీ పెద్దనాన్న పాత గడియారం తెస్తా, నాడి లెక్కపెట్టడం నేర్పిస్తా. నువ్వు అర్థమెటిక్ పుస్తకం, పెన్ను తెచ్చుకో. నడక అయ్యాక అక్కడే కూర్చుని లాభనష్టాల లెక్కలు పది చెయ్యి, ఎన్ని తప్పు పోయాయో రాసుకుందాం. బుధవారం మళ్లీ వద్దువు గానీ, ఆ రోజు గట్టిగా పరుగెత్తి అలాంటివే ఇంకో పది చేద్దువు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూద్దాం. రక్తం పరీక్ష కాగితం కూడా మర్చిపోకుండా పట్టుకురా. పన్నెండు కంటే తక్కువ వచ్చిందంటే మాత్రం బుధవారం పరుగు ఉండదు, నడకే.

మీ పెద్దమ్మ