పర్లాకిమిడి నుంచి జర్మనీకి: అడిగితేనే పలికే ఊరు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బరంపురంలో ఇంజినీరింగ్. అక్టోబరులో జర్మనీ వచ్చి ఎమ్మెస్‌లో చేరాను. పాఠాలు ఇంగ్లీషులోనే, అయినా తరగతిలో నోరు పెగలడం లేదు. హాస్టల్లో మా అంతస్తుకంతా ఒకటే వంటగది. ఎవరి గిన్నె వారిదే, ఎవరూ పలకరించరు. ఇండియా టైము రాత్రి తొమ్మిదికి అమ్మ ఫోను చేస్తే బాగున్నానని చెప్పి, పెట్టేశాక ఏడుస్తున్నాను. పనిలో చేరితే పరిచయాలు పెరుగుతాయని సీనియర్లు అంటున్నారు. నేనిక్కడ ఎవరికీ నచ్చలేదేమో. తిరిగి వచ్చేయాలా?
(పేరు రాయవద్దు)

జవాబు: అమ్మాయీ, నచ్చలేదన్న మాట ముందు మనసులోంచి తీసెయ్యి. మన సరిహద్దు ఊళ్లలో కొత్త మనిషి కనబడితే ఎవరింటికి వచ్చారు, భోజనం అయిందా అని తెలుగులోనో ఒడియాలోనో నలుగురు అడిగేస్తారు. జర్మన్లు అడగరు. పిలవకుండా ఒకరి విషయంలోకి వెళ్లకపోవడమే వారి మర్యాద. నేను అక్కడ చదివేటప్పుడు పక్కగది అమ్మాయి తల ఊపి వెళ్లిపోయేదే తప్ప మాట్లాడేది కాదు. ఒకనాడు వంటగదిలో ఓవెన్ ఎలా వాడాలని అడిగాను. తరుగుతున్న ఉల్లిపాయలు పక్కన పెట్టి, మీట మీది ఒక్కొక్క గుర్తూ చూపించి, తన ట్రే తీసి నా చేతిలో పెట్టింది. ఆ వచ్చే ఆదివారం తనే నా తలుపు తట్టింది.

విశ్వవిద్యాలయం తీరూ అంతే. ప్రొఫెసర్లు విద్యార్థులను కలవడానికి వేళ కేటాయిస్తారు, దాన్ని ‘స్ప్రెక్‌ష్టుండె’ అంటారు. తరగతిలో నోరు పెగలకపోతే అక్కడికి వెళ్లు. ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకుని వెళ్తే చాలు. ‘ఫాఖ్‌షాఫ్ట్’ అనే విద్యార్థి సంఘం మీ విభాగానికీ ఉంటుంది. పాత ప్రశ్నపత్రాలు చాలాసార్లు వారి దగ్గరే దొరుకుతాయి.

నువ్వు అడగకపోయినా ఇది చెప్పాలి, ఎందుకంటే ఇది దాటితే దిద్దుకోవడం కష్టం. ఫీజు కట్టాం కదా, హాల్‌టికెట్ దానంతటదే వస్తుందని కూర్చోకు. చాలా విశ్వవిద్యాలయాల్లో ఏ పరీక్ష రాస్తావో గడువులోగా నువ్వే నమోదు చేసుకోవాలి. గడువు పోతే ఆ పరీక్ష పోయినట్టే. చాలా సబ్జెక్టులకు సెమిస్టర్ చివరి పరీక్షే సర్వస్వం. తప్పినవారికి చాలాచోట్ల మొత్తం మూడు అవకాశాలే. గ్రేడు చూసి బెంబేలు పడకు, అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0తో గట్టెక్కినట్టు.

పని సంగతి: ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. కాని వీసా కోసం ముందే ఖర్చుల డబ్బు వేసిన బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలనెలా డబ్బు వస్తున్నంతకాలం ఈ సెమిస్టర్‌ను చదువుకే వదిలెయ్యి. పరిచయాల కోసమైతే జర్మన్ భాషా తరగతిలో చేరు. పాతపట్నం వెళ్తే రాష్ట్రమే మారే ఊరి పిల్లవి, రెండు భాషల మధ్య పెరిగిన నీకు మూడోది, నాలుగోది గండం కావు.

ఇక అమ్మ ఫోను. చలికాలంలో మనకూ జర్మనీకీ నాలుగున్నర గంటల తేడా. ఇక్కడి రాత్రి తొమ్మిది అక్కడ సాయంత్రం నాలుగున్నర. డిసెంబరులో సరిగ్గా చీకటి కమ్ముకునే వేళ. ఆ వేళ ఆమె గొంతు వింటే ఏడుపు రాక ఏమవుతుంది? ఆ గంట బయట నడవడానికో, లైబ్రరీకో ఇచ్చి, ఆదివారం ఉదయం తొమ్మిదికి నువ్వే ఫోను చెయ్యి. దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉండే ఆ రోజే ఒంటరితనం ఎక్కువ. అప్పటికి ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర, అమ్మ భోజనం చేసి తీరికగా ఉంటుంది. బాగాలేదని కూడా చెప్పు, ఆమె తట్టుకోగలదు. నిద్ర, తిండి వారాల తరబడి దెబ్బతింటే మాత్రం విద్యార్థి సేవా సంస్థ కౌన్సెలర్‌ను కలువు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి నీ ఆరోగ్య బీమా ఉంది.

తిరిగి రావడం నేరం కాదు. కాని ఆ నిర్ణయం ఈ చీకటి నెలల్లో తీసుకోవద్దు, మొదటి పరీక్షల ఫలితాలు చేతికొచ్చాక ఆలోచించు. ఈ ఉత్తరం చదివిన రోజే నమోదు గడువు ఎప్పుడో చూసుకో.