టెక్ సందేహాలు: చెరువు గట్టు మీద షీట్స్, బడి ప్యానెల్ మీద స్లయిడ్లు

ప్రశ్న: ఇందుకూరుపేట దగ్గర మాకు మూడు రొయ్యల చెరువులున్నాయి. మేత లెక్క గట్టు మీదుండే మనిషి రాస్తాడు. నేను నెల్లూరు నుంచి చూసుకుంటాను. ఖర్చులు బెంగళూరులో ఉండే మా తమ్ముడు రాస్తాడు. ఇప్పటిదాకా నోటు పుస్తకం ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నాం. చెరువు దగ్గర సిగ్నల్ అంతంతమాత్రం. ఎక్సెల్, గూగుల్ షీట్స్, డబ్ల్యూపీఎస్, జోహో... వీటిలో ఏది పెట్టుకోమంటారు?

గూగుల్ షీట్స్ పెట్టుకోండి. ఫార్ములాల సంగతికొస్తే ఎక్సెల్‌దే పైచేయి. కానీ మీ ఫైలు మీద ముగ్గురి చేతులు పడతాయి. అక్కడ ఫార్ములాల బలం కంటే, ఫైలు ఒక్కచోటే ఉండటం ముఖ్యం. ఎక్సెల్ ఫైలును వాట్సాప్‌లో పంపుకుంటూ పోతే వారం తిరిగేసరికి ‘మేత లెక్క’, ‘మేత లెక్క 1’, ‘మేత లెక్క కొత్తది’ అని మూడు పిల్లలు పెడుతుంది. పైగా వాట్సాప్‌లో నొక్కి తెరిచిన ఫైలు ఎక్సెల్ యాప్‌లో చదవడానికే తెరుచుకుంటుంది. మార్చాలంటే ఇంకో కాపీ సేవ్ చేయాలి. అంటే నాలుగో పిల్ల.

ఎక్సెల్‌లోనూ ముగ్గురూ ఒకే ఫైలులో రాయొచ్చు. దానికి ఫైలు మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్‌లో ఉండాలి, ముగ్గురికీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. జోహో చెన్నై కంపెనీ, వాళ్ల షీట్ యాప్ బాగానే ఉంటుంది, కానీ దానికీ కొత్త అకౌంట్లు తెరవాలి. గట్టు మీద మనిషి చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ అకౌంట్ ఎటూ ఉంటుంది. కొత్త పాస్‌వర్డ్ ఇచ్చి గుర్తుపెట్టుకోమనే బాధ తప్పుతుంది.

ఇక షీటు కట్టే పద్ధతి. చాలామంది నోటు పుస్తకంలో ఎలా ఉందో అలాగే దించేస్తారు: పైన అడ్డంగా 1 నుంచి 31 దాకా తేదీలు, పక్కన చెరువుల పేర్లు. కంప్యూటర్‌లో అది చూడ్డానికి బాగుంటుంది. ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటే నాలుగైదు కాలమ్‌లకు మించి కనిపించవు. 22వ తేదీ గడి వెతుక్కునే లోపల పక్క గడిలో అంకె పడిపోతుంది. అందుకని తేదీలు కిందికి పోవాలి. ఒక్కో మేతకు ఒక్కో వరుస. ‘ఏ’ (A) కాలమ్‌లో తేదీ, బీలో చెరువు, సీలో పూట, డీలో మేత కిలోలు. ఆక్సిజన్, పీహెచ్ కొలతలు రోజుకు ఒకటి రెండుసార్లే కాబట్టి వాటికి వేరే ట్యాబ్ పెట్టండి. ఒకే వరుసలో ఇరికిస్తే సగం గడులు ఖాళీగా మిగులుతాయి.

మొదటి వరుస పైకి జరిగిపోకుండా ఎడమ పక్కన ఉన్న 1 అంకెను కాసేపు నొక్కి పట్టుకుని, వచ్చిన మెనూలో ఫ్రీజ్ నొక్కండి. చెరువు పేరు చేత్తో కొట్టనివ్వకండి. ‘1వ చెరువు’, ‘చెరువు1’, ‘ఒకటో చెరువు’ అని మూడు రకాలుగా రాస్తే మొత్తం తేలదు. బీ కాలమ్‌ను ఎంచుకుని, మూడు చుక్కల మెనూలో డేటా వాలిడేషన్‌కు వెళ్లి మూడు పేర్ల జాబితా ఇచ్చేయండి. ఆ తర్వాత నొక్కి ఎంచుకోవడమే.

సిగ్నల్ సంగతి. గట్టు మీది ఫోన్‌లో, నెట్ ఉన్నప్పుడే, షీట్స్ యాప్‌లో ఫైలు పక్కన మూడు చుక్కలు నొక్కి ‘మేక్ అవైలబుల్ ఆఫ్‌లైన్’ పెట్టండి. సిగ్నల్ పోయాక దాన్ని వెతుక్కుని లాభం లేదు. ఇలా పెట్టాక నెట్ లేకుండా రాసినవి ఫోన్‌లోనే ఆగి, నెట్ తగలగానే పైకి వెళ్తాయి. అవి వెళ్లకముందే ‘ఫోన్ నిండిపోయింది’ అని యాప్ తీసేసినా, యాప్ డేటా క్లియర్ చేసినా ఆ రాతలన్నీ పోయినట్టే. ఈ ఒక్క మాట అతనికి రెండుసార్లు చెప్పండి. ఒకే గడిని ఇద్దరు మారిస్తే చివరికి ఒకరి అంకే మిగులుతుంది. కాబట్టి మీ తమ్ముడి ఖర్చులు వేరే ట్యాబ్‌లో ఉండాలి.

ఒక్కో చెరువుకు మొత్తం మేత తేలాలంటే సమ్‌ఇఫ్ (SUMIF) ఫార్ములా వాడాలి. మూడు భాగాలు, మధ్యలో కామాలు: ఎక్కడ వెతకాలి, బీ కాలమ్; ఏం వెతకాలి, చెరువు పేరు; ఏది కూడాలి, డీ కాలమ్. ముందు ఈక్వల్ గుర్తు పెట్టాలి, ఫార్ములా పేరు, కాలమ్ అక్షరాలు ఇంగ్లిషులోనే కొట్టాలి. చెరువు పేరు మాత్రం కోట్స్ మధ్య తెలుగులో ఉన్నా పనిచేస్తుంది. పట్టుబడి అయ్యాక ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టిందో కావాలంటే మొత్తం మేతను పట్టిన రొయ్యల బరువుతో భాగించండి. 3,000 కిలోల మేతకు 2,000 కిలోల రొయ్యలు వస్తే 1.5. కౌంటుకైతే, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో తెలియాలంటే, 1000ని సగటు రొయ్య బరువు గ్రాములతో భాగించాలి. 20 గ్రాములుంటే 50 కౌంటు.

ఫైలు షేర్ చేసేటప్పుడు మిగతా ఇద్దరి మెయిల్ ఐడీలు కొట్టి ఎడిటర్‌గా ఇవ్వండి. లింకు ఉన్నవాళ్లెవరైనా మార్చొచ్చు అనే సెట్టింగ్ జోలికి పోవద్దు. ఆ లింకు ఏ గ్రూపులోనో పడితే మీ లెక్క ఊరి లెక్క అవుతుంది. ఫార్ములాలున్న గడులకు తాళం వేయడం, పాత రూపాన్ని వెనక్కి తెచ్చుకోవడం లాంటివి కంప్యూటర్ బ్రౌజర్‌లో చేసుకోవడమే తేలిక. మీ తమ్ముడి దగ్గర లాప్‌టాప్ ఉంటే ఆ పని ఆయనకు అప్పజెప్పండి.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ ఆఫీసులో పనిచేస్తాను. ఆడిటర్ పంపిన ఎక్సెల్ ఫైలులో బిల్లు బటన్ ఫోన్‌లో నొక్కితే ఏమీ కావడం లేదు. బ్యాంకు అకౌంట్ నంబర్లు కొట్టాక ఇంగ్లిషు ‘ఈ’ (E) అక్షరం, ప్లస్ గుర్తుతో వింత అంకెలా మారుతున్నాయి. ఫోన్ మార్చాలా?

ఫోన్‌ను ఏమీ అనకండి. ఆ బటన్ వెనక వీబీఏ మాక్రో, అంటే ఎక్సెల్ లోపల రాసిపెట్టిన చిన్న ప్రోగ్రామ్ ఉంది. ఫోన్‌లోని ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ దాన్ని నడపవు. బటన్ బొమ్మ కనిపిస్తుంది, అంతే. ఫైలు పేరు చివర ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ అని ఉంటే మాక్రోల ఫైలని గుర్తు. బిల్లు కంప్యూటర్‌లోనే తీయండి, లేదా మాక్రో బదులు మామూలు ఫార్ములాలతో చేసివ్వమని ఆడిటర్‌ను అడగండి. బ్లాకు కొలతకు మాక్రో అవసరమే లేదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 10 లక్షలతో భాగిస్తే క్యూబిక్ మీటర్లు. 280, 180, 150 అయితే 7.56. ఆ ఫలితానికి రౌండ్ ఫార్ములా తగిలించండి. లేకపోతే తెర మీద రెండు దశాంశాలే కనిపిస్తాయి గానీ మొత్తం మాత్రం వెనకున్న అంకెలన్నీ కలిపి కూడుతుంది. కాగితం మీద చేత్తో కూడినవాడికి తేడా వస్తుంది, గొడవ మీ మీదికొస్తుంది.

అకౌంట్ నంబర్ల విషయం ఇంకాస్త ప్రమాదం. ఎక్సెల్ ఏ అంకెలోనైనా మొదటి 15 స్థానాలనే దాచుకుంటుంది. 16వ స్థానం నుంచి సున్నాలు పెట్టేస్తుంది. 12 అంకెల ఆధార్ నంబరు వింతగా కనిపించినా లోపల భద్రంగా ఉంటుంది, కాలమ్ ఫార్మాట్ మారిస్తే తిరిగొస్తుంది. 16, 17 అంకెల అకౌంట్ నంబరు అలా కాదు, చివరి అంకెలు నిజంగానే పోతాయి, ఏ ఫార్మాట్ మార్చినా రావు. మళ్లీ కొట్టుకోవాల్సిందే. సున్నాతో మొదలయ్యే నంబర్లకు ముందు సున్నా కూడా ఎగిరిపోతుంది. అందుకే అంకెలు కొట్టడానికి ముందే ఆ కాలమ్ మొత్తాన్ని ఎంచుకుని హోమ్ ట్యాబ్‌లో నంబర్ ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మార్చండి. ఒకటి రెండు నంబర్లే అయితే ముందు ఒక సింగిల్ కోట్ గుర్తు పెట్టి కొట్టినా చాలు. ఇంత చేశాక ఆ ఫైలును సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్తి రాత ఫైలుగా) సేవ్ చేసి మళ్లీ ఎక్సెల్‌లో తెరిస్తే కథ మొదటికొస్తుంది, ఎందుకంటే సీఎస్‌వీలో ఫార్మాట్ నిలవదు.

ఫోన్ మార్చే ఉద్దేశంతో ట్యాబ్లెట్ వైపు చూస్తుంటే ఒక మాట. 10.1 అంగుళాల తెర వరకే ఎక్సెల్, పవర్‌పాయింట్ యాప్‌లు ఉచితంగా మార్పులు చేయనిస్తాయి. 11 అంగుళాల ట్యాబ్లెట్ కొంటే మార్పులకు మైక్రోసాఫ్ట్ 365 చందా కట్టాలి.

ప్రశ్న: ఒంగోలు దగ్గర హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇంట్లో ఫోన్‌లో చూసుకున్న తెలుగు స్లయిడ్లు బడిలో ప్యానెల్ (డిజిటల్ బోర్డు) మీద పాడైపోతున్నాయి. పవర్‌పాయింట్ మంచిదా, గూగుల్ స్లయిడ్సా?

యాప్ కంటే ముందు ‘పాడైపోవడం’ ఎలాంటిదో చూడండి. మూడు రకాలుంటాయి, మూడింటికీ మందు వేరు. తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తే అది అను ఫాంట్లలో కొట్టిన పాఠం. డీటీపీ సెంటర్‌లో చేయించినవి చాలావరకు ఇలాంటివే. ఆ ఫాంటు లేని చోట అది తెలుగే కాదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఏ పరికరమైనా తెలుగుగా గుర్తించే పద్ధతిలోకి మార్చి, ఒకసారి చదివి తప్పులు దిద్దుకోవాలి. ఖాళీ చదరాలు కనిపిస్తే ఆ పరికరంలో తెలుగు ఫాంటే లేదని అర్థం. అక్షరాలు తెలుగే అయినా ఒత్తులు, గుడింతాలు విడిపోయి పక్కన పడుతుంటే, స్లయిడ్ తెరిచిన సాఫ్ట్‌వేర్‌కు తెలుగు అక్షరాలు కూర్చడం సరిగా రావడం లేదు.

మూడింటికీ పనికొచ్చే చిట్కా: యూనికోడ్‌లో తయారుచేసి, పవర్‌పాయింట్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా చేసి పెట్టుకోవడం. పీడీఎఫ్‌లో అక్షరం ఫాంటుతో సహా వెళ్తుంది కాబట్టి ఎక్కడా చెదరదు. ఒక్కొక్క పాయింటూ వచ్చేలా పెట్టుకున్న యానిమేషన్లు మాత్రం పీడీఎఫ్‌లో ఉండవు. వాటికోసం అదే స్లయిడ్‌ను నకలు తీసి, ఒక్కో స్లయిడ్‌లో ఒక్కో పాయింటు పెంచుకుంటూ పోండి. పిల్లలకు తేడా తెలియదు.

ఇప్పుడు యాప్. ఫోన్‌లోనే స్లయిడ్లు చేసేవాళ్లకు నా ఓటు పవర్‌పాయింట్‌కే. యానిమేషన్లు, ట్రాన్సిషన్లు ఫోన్‌లోనే పెట్టొచ్చు. గూగుల్ స్లయిడ్స్ ఫోన్ యాప్‌లో యానిమేషన్లు పెట్టడం కుదరదు, దానికి కంప్యూటర్ కావాలి. ఇద్దరు ముగ్గురు టీచర్లు కలిసి ఒకే పాఠం తయారుచేస్తుంటే మాత్రం స్లయిడ్స్‌కే మారండి. అందులో మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు కూడా దొరుకుతాయి. ఐఫోన్ ఉంటే కీనోట్ చూడ్డానికి అందంగా ఉంటుంది. కాకపోతే బడిలో ఇంకెవరి దగ్గరా అది తెరుచుకోదు, పవర్‌పాయింట్ రూపంలోకి మార్చి పంపాలి.

తెలుగు అక్షరం ఇంగ్లిషు కంటే ఎక్కువ ఎత్తు తీసుకుంటుంది. పైన గుడులు, కింద ఒత్తులు. బాక్సు నిండా కొడితే వేరే పరికరంలో ఫాంటు మారగానే చివరి వరుస బాక్సు దాటి కిందికి జారుతుంది. ప్రతి బాక్సులో ఒక వరుస పట్టేంత చోటు ఖాళీగా వదలండి. అక్షరం 28 పాయింట్లకు తగ్గితే చివరి బెంచీకి కనిపించడం కష్టం.

ఫోన్ నుంచి ప్యానెల్‌కు కేబుల్ పెడదామనుకుంటే ఆగండి. టైప్ సీ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ పనిచేయాలంటే ఫోన్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (టైప్ సీ నుంచి తెర బొమ్మను బయటికి పంపే సదుపాయం) ఉండాలి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఉండదు. కేబుల్ కొన్నాక తెలిస్తే డబ్బు దండగ. ఫైలును ఓటీజీ పెన్‌డ్రైవ్‌లో (ఫోన్‌కు నేరుగా పెట్టగలిగేది) వేసుకుని ప్యానెల్‌కే పెట్టడం అన్నింటికంటే తేలిక. పాత ప్రొజెక్టర్ అయితే అది 4:3 ఆకారంలో ఉండొచ్చు. 16:9 స్లయిడ్ వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. అది లోపం కాదు, పాఠానికి అడ్డం రాదు.

ప్రశ్న: కావలిలో ధాన్యం వ్యాపారం. షీట్స్‌లో తేదీలు కొన్ని కుడివైపు, కొన్ని ఎడమవైపు పడుతున్నాయి. లక్షల్లో కామాలు కూడా మన పద్ధతిలో రావడం లేదు.

మీ షీటు అమెరికా లెక్కలో నడుస్తోంది. 05/04 అని కొడితే దాన్ని మే 4 అనుకుని కుడివైపు పెడుతోంది. 25/04 అంటే 25వ నెల లేదు కాబట్టి మామూలు రాతగా తీసుకుని ఎడమవైపు పెడుతోంది. మూడు చుక్కల మెనూలో స్ప్రెడ్‌షీట్ సెట్టింగ్స్, అందులో లొకేల్ (ఏ దేశపు పద్ధతి అనే ఎంపిక) దగ్గర ఇండియా పెట్టండి. ఇంతకుముందే తప్పుగా పడ్డ తేదీలను అది సరిచేయదు. మే 4గా నిలిచిపోయింది మే 4గానే ఉంటుంది, కనిపించే తీరు మారుతుంది అంతే. కుడివైపు పడ్డ పాత తేదీల్లో నెల, రోజు తారుమారైనవి చూసి మళ్లీ కొట్టండి.

కామాలకు కంప్యూటర్‌లో ఒక్కసారి కస్టమ్ నంబర్ ఫార్మాట్‌లో ఇది పెట్టండి. ఆ తర్వాత ఫోన్‌లోనూ అలాగే కనిపిస్తుంది:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

1234567 అని కొడితే 12,34,567 వస్తుంది. మైనస్ అంకెలకు ఇది పనిచేయదు, అవి పాత పద్ధతిలోనే ఉంటాయి. బాకీలను మైనస్‌లో రాసే అలవాటుంటే వాటికి వేరే కాలమ్ పెట్టండి. మరొకటి, పుట్టిని కిలోల్లోకి మార్చే 850ని ప్రతి ఫార్ములాలో కొట్టకుండా ఒక గడిలో రాసి, దాని కాలమ్ అక్షరానికి, వరుస అంకెకు ముందు డాలర్ గుర్తు పెట్టి వాడండి. డాలర్ లేకపోతే ఫార్ములాను కిందికి లాగినప్పుడు అది కూడా ఒక్కో గడి కిందికి జారి, రెండో వరుస నుంచి సున్నాలు వస్తాయి.

ప్రశ్న: డబ్ల్యూపీఎస్‌లో ప్రకటనలు విసుగొస్తున్నాయి. నెట్ లేకుండా పనిచేసే ఉచిత యాప్ ఏదైనా?

కొలబొరా ఆఫీస్ వేసి చూడండి. లిబ్రె ఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మీద కట్టింది, ప్రకటనలుండవు, అకౌంట్ అడగదు, లెక్కలు, స్లయిడ్లు, ఉత్తరాలు మూడూ ఒకే యాప్‌లో తెరుస్తుంది. మెనూలు చిన్నగా ఉండి వేలికి అందడం కష్టం, పెద్ద ఫైలు నెమ్మదిగా తెరుస్తుంది. డబ్ల్యూపీఎస్ తీసేసే ముందు అందులోనే, దాని క్లౌడ్‌లోనే ఉన్న ఫైళ్లు ఏమైనా మిగిలాయేమో చూసి, ఫోన్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి.