గ్యాస్ అలారం పాపే చేసింది, నమ్మరేం?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటున్నాం. మా ఆయనది మురుగు కాలువల పని. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి మ్యాన్‌హోల్ గ్యాస్ అలారం చేసింది. సైన్స్ ఫెయిర్‌లో మధ్యలో ఆగిపోయింది. "ఎవరో చేసిచ్చారు, మీవాళ్లకు ఇవన్నీ ఎందుకు?" అన్నారు టీచరు. ఏం చేయాలి? – ఓ తల్లి

జవాబు: ముందు ఆగిపోయిన సంగతి చూద్దామమ్మా. ఇలాంటి అలారాల్లో గ్యాస్‌ను పసిగట్టడానికి వాడే ఎంక్యూ-4 సెన్సర్‌లోని హీటర్ 5 వోల్టుల దగ్గర సుమారు 150 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. చిన్న 9 వోల్టుల బ్యాటరీతో నడిపి ఉంటే అది అంత కరెంటు ఎంతోసేపు ఇవ్వలేదు. వోల్టేజి పడిపోయి, అలారాన్ని నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డ్యూనో రీసెట్ అవుతుంది. పవర్ బ్యాంకు నుంచి 5 వోల్టులు సెన్సర్‌కు నేరుగా ఇచ్చి, గ్రౌండ్ వైర్లు కలపమనండి. కొత్త సెన్సర్‌ను ఒకటి రెండు రోజులు ఆన్‌లో ఉంచి వేడెక్కనివ్వాలి, లేకపోతే రీడింగులు నిలకడగా రావు. ఇంకోటి, ఎంక్యూ-4 పట్టేది మీథేన్‌ను. మురుగులో ప్రాణాలు తీసే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఎంక్యూ-136 కావాలి. అలారం మోగలేదు కదా అని మాత్రం ఎవరూ లోపలికి దిగకూడదు.

"ఎవరో చేసిచ్చారు" అనే మాటకు నోట్‌బుక్కే జవాబు. పేజీలకు నంబర్లు వేసి, తేదీలతో రీడింగులు రాయాలి, బిల్లులు అంటించాలి. తప్పులు కొట్టేయొద్దు, చేసిన చేతికి అవే సాక్ష్యం.

బడిపిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్-మానక్ అవార్డుకు ఎంపికైతే 10,000 రూపాయలు వస్తాయి. నామినేషన్ బడి నుంచే వెళ్లాలి. అందుకే ప్రధానోపాధ్యాయుణ్ని కాగితం మీద అడిగి, నకలుపై ముద్ర వేయించుకోండి. టీచరు మాటను తేదీ, విన్నవాళ్ల పేర్లతో విడిగా రాసివ్వండి. నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది.