డెల్టా నిద్రను సుషుప్తి అనవచ్చా?

సందేహం: మా నాన్నగారికి నిద్ర పరీక్ష చేశారు. రిపోర్టులో ‘డెల్టా నిద్ర తక్కువ’ అని ఉంది. మాది కోనసీమ. ఈ డెల్టాకీ మా గోదావరి డెల్టాకీ సంబంధం ఉందా? దీన్ని తెలుగులో సుషుప్తి అనవచ్చా? – ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: అక్షరం ఒకటే, అది వచ్చిన దారులు వేరు. డెల్టా గ్రీకు లిపిలో నాలుగో అక్షరం. పెద్దక్షరంగా రాస్తే త్రికోణం. నైలు నది సముద్రంలో కలిసేచోటి నేల ఆ ఆకారంలో ఉందని గ్రీకులు దాన్ని డెల్టా అన్నారు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలిన గోదావరి మధ్య నేలకూ ఆ పేరే వచ్చింది.

మెదడు తరంగాలకు ఆకారంతో పనిలేదు. మనిషి మెదడులోని విద్యుత్ తరంగాలను మొదట నమోదు చేసిన హాన్స్ బెర్గర్ వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. 1936లో గ్రే వాల్టర్ బాగా నెమ్మదిగా సాగేవాటిని డెల్టా అన్నాడు. ఇవి సెకనుకు నాలుగుకు మించవు. ఇవి ఎక్కువగా కనబడే నిద్రే డెల్టా నిద్ర.

ఇక రెండో ప్రశ్న. సుషుప్తి అనవద్దనే నా అభిప్రాయం. మాండూక్యోపనిషత్తులో జాగ్రత్, స్వప్నం, సుషుప్తి, తురీయం అని నాలుగు అవస్థలున్నాయి. అక్కడ సుషుప్తికి గుర్తు కలలేకపోవడం. వైద్యులు చూసేది కలను కాదు, తరంగాన్ని. డెల్టా నిద్రలోంచి లేపితే కల వచ్చిందని చెప్పేవాళ్లూ ఉంటారు. కాబట్టి గాఢనిద్ర అనడమే సరి. మొద్దునిద్ర అనకూడదు, అందులో నింద ఉంది.

ఇళ్లలో వినిపించే ‘ఒళ్లు తెలియని నిద్ర’ నాకు మరీ ఇష్టం. మెదడులో జరిగేదీ అదే. మెలకువగా ఉన్నంతసేపూ అడినోసిన్ అనే పదార్థం మెదడులో పోగవుతూ నిద్ర ఒత్తిడిని పెంచుతుంది (కాఫీ దాని పనికే అడ్డుపడుతుంది). మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ ముందుభాగంలోని కొన్ని కణాలు గాబా అనే రసాయనంతో మెలకువ కేంద్రాలను అణచివేస్తాయి. అప్పుడు కంటి, చెవి, చర్మం కబుర్లను పైకి పంపే థాలమస్, కాలవకు లాకులు దించినట్టు, వాటిని చాలావరకు ఆపేస్తుంది. థాలమస్‌లోనూ మెదడు పైపొరలోనూ లక్షల కణాలు కలిసి ఒక్కసారిగా చురుకై, కలిసి ఊరుకుంటాయి. ఆ కలయిక వల్లే తరంగం అంత పెద్దదిగా, అంత నెమ్మదిగా కనబడుతుంది.

అందుకే ‘గాఢనిద్రలో మెదడు పనిచేయడం మానేస్తుంది’ అని రాయడం తప్పు. నిద్రపుచ్చే కణాలకు అదే పనివేళ. ‘నాకు నిద్ర పట్టింది’ అన్న మన వాక్యంలోనూ కర్త నిద్రే, నేను కాదు. ఎంత చక్కటి నిర్మాణం!

వయసుతో గాఢనిద్ర తగ్గడం మామూలే. నాన్నగారి విషయంలో ఎంత తగ్గితే పట్టించుకోవాలో డాక్టరుగారే చెప్పాలి. నాన్నగారు ‘రాత్రంతా మాగన్నుగానే ఉంది’ అంటే, ఆ మాటను డిస్టర్బెన్స్ అని మార్చకండి, అలాగే చెప్పండి. మధ్యమధ్య లేవడం వేరు, లోతుగా పట్టకపోవడం వేరు. ఆ తేడా మాగన్ను అన్న మాటలో ఉంది.