టీ ఆకు లేని టీ

సందేహం: వేసవి వస్తే మా ఇంట్లో మందార రేకులు, శంఖుపూలు, తులసి, పుదీనా, వట్టివేళ్లతో రకరకాల పానీయాలు చేసుకుంటాం. పిల్లలు అన్నింటినీ ‘హెర్బల్ టీ’ అంటారు. ఒక పత్రికలో ‘మూలికా తేనీరు’ అని చూశాను, మరొకచోట ‘మద్యరహిత పుష్ప పానీయాలు’ అని ఉంది. పోనీ ‘కషాయం’ అందామంటే ఇంటికి వచ్చినవాళ్లు ‘ఎవరికి జ్వరం?’ అని అడుగుతున్నారు. వీటిని తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, ముందు ఆ ‘మూలికా తేనీరు’ సంగతి తేలుద్దాం. మూలిక అంటే వేరు. మూలం నుంచి వచ్చిన మాట. వ్యవహారంలో అది మందుమొక్కలన్నింటికీ వ్యాపించిన మాట నిజమే కానీ, మందార రేకును మూలిక అనడానికి నాకు నోరు రాదు. ఇక తేనీరు. చాలామంది దీన్ని తేనె కలిపిన నీరు అనుకుంటారు. కాదు. ఇందులోని ‘తే’ తేయాకులోని ‘తే’. చైనా ఆగ్నేయ తీరంలోని ఫూజియన్ రేవుల్లో ఆ ఆకును ‘తే’ అన్నారు, మిగిలిన చోట్ల చాలావరకు ‘చా’ అన్నారు. మనకు రెండూ వచ్చాయి: మొదటి దారిన టీ, తేయాకు, తేనీరు, రెండో దారిన చాయ్. ఏ దారిన వచ్చినా ఆకు ఒక్కటే, మొక్క ఒక్కటే. కాబట్టి మీ గ్లాసులో ఉన్న ‘మూలికా తేనీరు’లో మూలమూ లేదు, తేయాకూ లేదు. నీరు మాత్రం ఉంది. ఆ ఒక్క మాటను జాగ్రత్తగా పట్టుకోండి, తరువాత అవసరమవుతుంది.

కషాయానికి జ్వరంతో ముడిపెట్టింది మనమే. ఆరు రుచుల్లో ఒకటైన వగరుకు సంస్కృతంలో కషాయమని పేరు. వైద్యులు ఆ పేరుతో అయిదు తయారీలను లెక్కపెట్టారు: స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం. పిండిన రసం స్వరసం, నూరిన ముద్ద కల్కం. ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడి లెక్కలో క్వాథమంటే దినుసుకు 16 రెట్ల నీరు పోసి, ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచేది. మన ఇళ్లలో ముక్కు మూసుకుని తాగించే కషాయం ఇదే. హిమం అంటే నలగ్గొట్టిన దినుసును ఆరు రెట్ల చల్లని నీటిలో రాత్రంతా నానబెట్టి వడగట్టేది. మీ వట్టివేళ్ల నీళ్లు దీనికి దగ్గర. దినుసు మీద నాలుగు రెట్ల వేడినీళ్లు పోసి, కాసేపు ఉంచి, బట్టలో వడగడితే అది ఫాంటం. మందార రేకుల మీద మీరు వేడినీళ్లు పోయడం అచ్చంగా ఇదే. నీళ్ల కొలతలో మాత్రం మీరు శార్ఙ్గధరుడి కంటే ఉదారంగా ఉంటారని ఊహిస్తున్నాను.

ఫాంటం అనే మాటను పాణిని కూడా పట్టించుకున్నాడు. ‘అనాయాసం’ అనే అర్థంలో ఆ రూపం సాధువని, అంటే సరైనదని, సూత్రంలో చెప్పాడు. అనాయాసానికీ కషాయానికీ సంబంధమేమిటని మీరు అడిగేలోగా పాణిని సూత్రాలకు కాశిక అనే వ్యాఖ్య రాసినవారు జవాబు సిద్ధం చేసి పెట్టారు: కాచకుండా, నూరకుండా, నీరు తగిలినంత మాత్రాన సారం విడివడి, కొంచెం గోరువెచ్చగా ఉండేది ఫాంటం, తక్కువ శ్రమతో అయ్యేది కనుక దానికి ఆ పేరు. సంచీని కప్పులో ముంచి తీసే నేటి పద్ధతికి ఇంతకంటే చక్కని నిర్వచనం నేను చదవలేదు. అయితే ఈ రోజుల్లో ‘ఫాంటం ఇవ్వమ్మా’ అంటే మీ అమ్మాయి ఫ్రిజ్ తలుపు తెరిచి నారింజ రంగు సీసా తెస్తుంది. కనుక దాన్ని ఇంటి మాటగా వాడమని మిమ్మల్ని బలవంతపెట్టను.

ఇక నాకు ఇష్టమైన చోటికి వస్తాను. వేసవిలో పువ్వుల నీరు తాగడం కొత్త ముచ్చట కాదు. వాగ్భటుడు అష్టాంగహృదయమనే ఆయుర్వేద గ్రంథంలో గ్రీష్మచర్య, అంటే వేసవిలో నడుచుకోవలసిన తీరు, చెబుతూ ‘మద్యం న పేయం’ (మద్యం తాగకూడదు) అని గట్టిగా మొదలుపెట్టాడు. అంతలోనే ‘పేయం వా స్వల్పం’ (తాగినా కొంచెమే) అని తగ్గాడు. అదీ చాలక ‘సుబహువారి వా’ అని బోలెడు నీళ్లు కలిపాడు. ఆ తరువాతే కొత్త మట్టికుండలో ఉంచిన పానకాన్నీ, ‘పాటలావాసితం చాంభః సకర్పూరం సుశీతలం’ అంటూ పాటల అనే చెట్టు పువ్వుల తావి ఎక్కించి కర్పూరం వేసిన చల్లని నీటినీ చెప్పాడు. ఇక్కడ కర్పూరమంటే పచ్చకర్పూరం, హారతి బిళ్ల కాదు. ఈ ‘వాసితం’ అన్న మాట చూడండి. నీటికి పరిమళం పట్టించడం దాని అర్థం. మన ‘వాసన’ దాని చుట్టమే. పువ్వును తీసేశాక నీటిలో మిగిలే పరిమళం లాగా, చేసిన పని జాడ మనసులో మిగిలితే దాన్నీ వాసన అన్నారు. పూర్వజన్మ వాసనలు అంటామే, అవి. ఇంత గొప్ప మాటను మనం ‘ఇక్కడేదో వాసన వస్తోంది’ అని ముక్కు మూసుకోవడానికి వాడుతున్నాం. కంపుకూ ఇదే గతి పట్టింది. పాత తెలుగులో అది పరిమళం, కన్నడంలో ఇప్పటికీ పరిమళమే.

తెలుగులో వేసవి దాహానికి తగిన పద్యం ఒక్కటంటే నేను ఆముక్తమాల్యద మొదటి ఆశ్వాసం తీస్తాను. విల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు వైష్ణవ అతిథులకు ఏ కాలంలో ఏమేమి వడ్డించేవాడో కృష్ణదేవరాయలు కాలానికొక పద్యంగా చెప్పాడు. వేసవి పద్యంలో ముందు అతిథి ఒంటికి చందనం పూస్తారు, తరువాతే విస్తరి. అన్నం నులివెచ్చగా ఉంటుంది. అక్కడి నుంచి పద్యంలో ఎక్కువగా ద్రవాలే: పలుచని అంబళ్లు, చెఱకుపాలు, ఎడనీళ్లు, ‘సుగంధి శీతజలముల్’, నీరుచల్ల. ఎడనీరు అంటే లేత కొబ్బరినీరు. తమిళులు ఇళనీర్ అంటారు, కన్నడిగులు ఎళనీరు. నీరుచల్ల అంటే నీరు ఎక్కువగా కలిపిన మజ్జిగ. పద్యం నడక కూడా నీటి నడకే, ఎక్కడా గొంతుకు అడ్డుపడదు. విందుల వర్ణనలు మన కావ్యాల్లో చాలా ఉన్నాయి, వండినవాడి ఆడంబరం చాలాచోట్ల కనిపిస్తుంది. తినేవాడి ఒంటి వేడి కనిపెట్టి వడ్డించడం మాత్రం ఇక్కడే చూశాను. ఒక చక్రవర్తికి నీరుచల్ల మీద ఇంత ధ్యాస ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఆ పద్యంలో నన్ను పట్టుకుని వదలని మాట ‘సుగంధి’. సుగంధిపాల వేళ్లు వేసిన చల్లని నీరని ఒకరు అనవచ్చు. ఆ వేరుతో షర్బత్ చేసుకునే అలవాటు నన్నారి పేరుతో రాయలసీమలో ఈనాటికీ ఉంది కనుక ఆ అర్థం నాలుకకు ఇంపుగానే ఉంటుంది. నా మొగ్గు మాత్రం వ్యాకరణం వైపు. గంధ శబ్దానికి ముందు ఉత్, పూతి, సు, సురభి అనేవి వస్తే బహువ్రీహి సమాసంలో (తనలోని పదాలను కాక వేరొకదాన్ని చెప్పే సమాసంలో) చివర ఇకారం వస్తుందని పాణిని సూత్రం: ‘గంధస్యేదుత్పూతిసుసురభిభ్యః’. దాని మీద వార్తికం, అంటే సూత్రానికి చేర్చిన వివరణ వాక్యం, ఒక షరతు పెట్టింది. ఆ గంధం వస్తువు నుంచి విడదీయలేనట్టుగా, దానిలో భాగమే అన్నట్టుగా తోచాలి. అప్పుడే ఇకారం. రాయల తరువాతివాడైన భట్టోజీ దీక్షితుడు సిద్ధాంతకౌముదిలో దీనికి ఇచ్చిన ఉదాహరణలు పువ్వు, సలిలం, గాలి. సుగంధి పుష్పం, సుగంధి సలిలం, సుగంధి వాయువు. మరి పరిమళ ద్రవ్యాలు అమ్మే వర్తకుడో? అతడి దగ్గర మంచి గంధాలున్నా అవి అతడిలో కలిసిపోయినవి కావు. కాబట్టి అతడు ‘సుగంధుడు’ మాత్రమే, ఇకారానికి అర్హుడు కాడు!

పువ్వు సహజంగానే పరిమళిస్తుంది. గాలికీ నీటికీ తమదైన గంధం లేదు, పువ్వు ఇస్తేనే వస్తుంది. అయినా వ్యాకరణం నీటికి ఆ ఇకారం ఇచ్చింది. పువ్వు తావి నీటిలో అంతగా లీనమవుతుందని ఆ పండితులకు తెలుసు. మందార రేకులను వడగట్టి పారేశాక మీ గిన్నెలో మిగిలేది సుగంధి సలిలమే. మందారకు చెప్పుకోదగ్గ పరిమళం లేదు కదా అని మీరు నన్ను నిలదీస్తే రంగునూ పులుపునూ సాక్ష్యానికి పిలుస్తాను. మల్లెలకూ గులాబీకీ ఆ చిక్కు లేదు. బజారులో చుక్క సెంటు వేసి సీసాలో పోసి ‘ఫ్లేవర్డ్ వాటర్’ అని అమ్మేదాన్ని ఏమనాలి? దానికి వర్తకుడి పక్కన చోటిస్తే చాలని నా కోపం చెబుతోంది. కలిశాక అదీ విడదీయరానిదే కదా అని న్యాయం అడ్డుపడుతోంది.

ఇంతకీ మీకు కావలసిన మాట రాయల పద్యంలోనూ ఉంది, మీ వంటింట్లోనూ ఉంది. జీలకర్ర మరిగించి తాగితే ‘జీలకర్ర టీ’ అని మన అమ్మమ్మలు అన్నారా? జీలకర్ర నీళ్లు అన్నారు. వాము నీళ్లు, సబ్జా నీళ్లు, వట్టివేళ్ల నీళ్లు. ఎడనీరు, పన్నీరు, చివరికి ఆ తేనీరు కూడా ఈ వరసలోనివే. అదే వరసలో మందార నీళ్లు, తులసి నీళ్లు అంటే తప్పేముంది? బెల్లమో చక్కెరో వేసి, ఏలకులు, మిరియాలు తగిలిస్తే పానకం. చిక్కగా కాస్తే కషాయం. ‘నీళ్లు’ అంటే అతిథికి చులకనగా వినిపిస్తుందేమోనని మీకు జంకు ఉంటే ‘సుగంధి’ అని పేరు పెట్టుకోండి, రాయలు అభ్యంతరం చెప్పడు. పిల్లలు టీ అంటే మాత్రం కొట్టకండి. లోకమంతా అంటున్నదాన్ని ఇంట్లో ఒక్కరం ఆపలేం. రాతలో మానితే చాలు.

‘మద్యరహిత’ సమాసంగా తప్పు కాదు. నాకు రుచించనిది దాని స్వభావం. లేనిదాన్ని చెప్పి పేరు పెట్టడం పరాయి పద్ధతి. మంగళగిరి నరసింహస్వామికి పోసే పానకాన్ని మద్యరహితమని ఎవరైనా ప్రకటించారా? అయితే మన భాషలో పానం, తాగడం అనే మాటలు ఎప్పుడూ కల్లుకుండ వైపే ఒరుగుతాయని ఒప్పుకోవాలి. పానశాలలో మంచినీళ్లు అమ్మరు, తాగుబోతు ఏమి తాగాడని ఎవరూ అడగరు. అరబ్బీలో షర్బత్, షరాబ్ ఒకే ధాతువు బిడ్డలు. రెండు రకాలూ దొరికే హోటలు పట్టికలో ఆ విశేషణం అవసరమే కావచ్చు. ఒక హెచ్చరిక మాత్రం వినండి. పువ్వులూ బెల్లమూ వేసిన నీటిని రోజుల తరబడి మూతపెట్టి ఉంచితే అది పులిసి, మద్యం చేరిన ఆసవం అవుతుంది. ఆయుర్వేదంలో ఆసవాలు, అరిష్టాలు అలా పుట్టేవే, అందుకే వాటిలో ధాతకీ పువ్వు వేస్తారు. ఇప్పపువ్వు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. అలాంటి సీసా మీద ‘మద్యరహితం’ అని రాస్తే అది భాషాదోషం కాదు, అబద్ధం.

వట్టివేళ్లను కొత్త సీసాల మీద ‘వెటివర్’ అని రాస్తున్నారు. తమిళ వెట్టివేర్ ఓడెక్కి వెళ్లి, ఉచ్చారణ చెడి తిరిగొచ్చింది. దానికి మళ్లీ స్వాగత తోరణాలు కట్టనక్కరలేదు.

చివరగా, మీరు ‘శంఖుపూలు’ అని రాశారు. శంఖం ఆకారపు పువ్వు కనుక శంఖపుష్పం, శంఖపూలు. శంకువు వేరు, దానికి ఒత్తు లేదు. మేకు అని అర్థం. రెండింటినీ కలిపి ‘శంఖు’ అనే మూడో ప్రాణిని పుట్టించింది మీరు కాదు లెండి. ఊరూరా శిలాఫలకాల మీద ‘శంఖుస్థాపన’ అని చెక్కించినవారు మీకంటే ముందున్నారు.