సగం కూలిన బీదర్ మదర్సాలో చూడటానికేముంది?

హైదరాబాద్ నుంచి బీదర్ వెళ్తున్నామని, కోట చూశాక టైమ్ మిగిలితే మహమూద్ గవాన్ మదర్సాకి వెళ్లాలా వద్దా అని అడిగారు. నన్నడిగితే ముందు మదర్సాకే వెళ్లండి, అదీ పొద్దున్నే. దాని ముఖం తూర్పుకి ఉంది. ఎండ నేరుగా రంగు పలకల మీద పడేది అప్పుడే. మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా నేను ఇలాగే తీసుకెళ్తాను.

ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చి బీదర్ రాజధానిగా దక్కన్‌ని ఏలిన బహమనీ సుల్తానులకు ప్రధాని అయిన గవాన్ 1472లో కట్టించిన విద్యాలయం ఇది. మూడంతస్తులు, మధ్యలో విశాలమైన ముంగిలి, చుట్టూ విద్యార్థుల గదులు. గ్రంథాలయంలో 3,000 పుస్తకాలుండేవని చెప్తారు. ఔరంగజేబు కాలంలో ఇక్కడ సైనికులు మకాం పెట్టి, మందుగుండు కూడా దాచారు. బళ్లో మందుగుండేమిటో! 1696లో అది పేలి ముఖద్వారం, ముందున్న రెండు మినార్లలో ఒకటి, దక్షిణం వైపు కొంత భాగం పోయాయి.

మిగిలిన మినారు దగ్గరికి వెళ్లి తల పైకెత్తి చూడండి. నీలం, తెలుపు, పసుపు పలకలు వంకీలు వంకీలుగా దాని చుట్టూ తిరుగుతుంటాయి. చాలాచోట్ల పలకలు రాలి ఒట్టి గోడ బయటపడింది కాబట్టి, ఒకప్పుడు ఎంత మేర రంగే ఉండేదో అర్థమవుతుంది. ముఖభాగం పైన ముదురు నీలం మీద తెల్లటి ఖురాన్ అక్షరాల పట్టీ ముక్కలు ముక్కలుగా మిగిలింది. తర్వాత కూలిన వైపుకి రండి. గోడలు ఎంత మందమో, గది మీద గది ఎలా లేపారో అక్కడే బాగా తెలుస్తుంది. బాగున్న వైపు ఆ సంగతి కనిపించదు.

గవాన్ కథ ముగిసింది మాత్రం మన కొండపల్లిలో. గిట్టనివాళ్లు ఆయన ముద్ర సంపాదించి, శత్రువైన ఒడిశా రాజు గజపతికి ఆయనే రాసినట్టు దొంగ ఉత్తరం పుట్టించారు. కొండపల్లిలో విడిది చేసిన బహమనీ సుల్తాన్ మూడో మహమ్మద్ షా అది నమ్మేసి 1481లో గవాన్ తల తీయించాడు. కొండపల్లి అంటే మనకు బొమ్మలే గుర్తొస్తాయి, ఈ సంగతి చాలామందికి తెలియదు.

మదర్సా పాతబస్తీలో ఇళ్ల మధ్యే, చౌబారా అనే పాత కావలి బురుజు నుంచి కోటకి వెళ్లే దారిలో ఉంది. చౌబారా దగ్గర బండి ఆపి నడవడం నయం. కోటలో రంగీన్ మహల్ అనే రాజభవనానికి తరచూ తాళం ఉంటుంది, పురావస్తు శాఖ సిబ్బందిని అడిగితే తీస్తారు. అక్కడ నల్లరాతిలో పొదిగిన ముత్యపుచిప్ప పని చూడకుండా రావద్దు.